గంటకు నాలుగు మైళ్ళు

ఆన్‌సైటుకి వెళ్ళిన తెలుగువాడి సెలవుల ప్లాను ఎప్పుడైనా చూశారా? అది సెలవుల ప్లాను కాదు, రిలీజు ప్లాను. ఎక్సెల్ షీటులో వరసలు, వాటికి రంగులు. శుక్రవారం రాత్రి బస్సు, శనివారం పొద్దున్న ఐఫిల్ టవరు, మధ్యాహ్నం మ్యూజియం (బయట నుంచి ఫోటో మాత్రమే), ఆదివారం బ్రస్సెల్స్, సోమవారం తొమ్మిదింటికి మళ్ళీ స్టాండప్ మీటింగు. పది రోజులు లీవు దొరికితే ఏడు దేశాలు. తిరిగొచ్చాక ఎలా ఉందని అడిగితే "అన్నీ కవర్ చేసేశాం" అంటారు. గమనించారా, అది టెస్టింగు వాళ్ళ మాట. చూశాం అనరు, కవర్ చేశాం అంటారు.

ఇందులో వెక్కిరించడానికేం లేదు లెండి. వీసా ఉన్నన్నాళ్ళే చూడాలి, మళ్ళీ వస్తామో రామో తెలీదు. ఆ ఆత్రం నాకూ తెలుసు. కానీ ఇంగ్లండులో ఉన్నన్నాళ్ళలో నాకు బాగా నచ్చిన సెలవు ఆ షీటులో ఏ వరసలోనూ ఇమడదు. అదే నారోబోటు. సన్నటి పడవ అద్దెకు తీసుకుని, పాతకాలం కాలువల మీద మనమే నడుపుకుంటూ, మధ్యమధ్యలో దిగి పల్లెల్లో నడుస్తూ పోవడం. కాలువల మీద వేగం గంటకు నాలుగు మైళ్ళు దాటకూడదని రూలు. ఆగి ఉన్న పడవల పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఇంకా తగ్గించాలి. గట్టు మీద కుక్కని తిప్పుతున్న ముసలాయన మనల్ని దాటేసి, చెయ్యూపి వెళ్ళిపోతాడు.

ఈ సంగతి ఫోన్లో చెప్తే మా అమ్మ అంది: "నడిసెల్లే మనిషికన్నా నెమ్మదిగా ఎల్లే పడవకి అంత డబ్బులిచ్చినారేట్రా? ఆ నడిసేదేదో ఊరికే నడిస్తే పోయేది కదా!"

నవ్వుకున్నాను గానీ, తర్వాత ఆలోచిస్తే ఈ వ్యవహారం మొత్తంలో అసలు పాయింటు ఆవిడే పట్టుకుంది అనిపించింది. ఎందుకో చెప్తాను.

ముందు పడవ సంగతి. నారోబోటు వెడల్పు ఏడడుగుల కన్నా కాస్త తక్కువ, పొడవు డెబ్బై అడుగుల దాకా ఉంటుంది. అంటే రైలు పెట్టె కన్నా సన్నం. లోపలే వంటిల్లు, మంచాలు, స్నానాల గది. అద్దెకు తీసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. పడవ అప్పజెప్పే ముందు అద్దెకిచ్చేవాళ్ళు కాసేపు నేర్పిస్తారు, అంతే. వెనకాల నిలబడి చుక్కాని పట్టుకోవాలి. కుడికి వెళ్ళాలంటే దాన్ని ఎడమకి తొయ్యాలి (మొదటి గంట కామెడీ అంతా ఇక్కడే).

తర్వాత లాకులు. ఈ మాట గోదావరి జిల్లాల వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం లాకులు, విజ్జేశ్వరం లాకులు అని చిన్నప్పట్నుంచీ వింటున్నదే. కాలువ ఎత్తు నుంచి పల్లానికి దిగేచోట రెండు జతల తలుపుల మధ్య పడవని ఆపి, నీళ్ళు నింపో, వదిలో, పడవని ఎక్కించడం లేదా దించడం. మన దగ్గర ఆ పని లస్కర్లు చేసేవారు. ఇంగ్లండులో చాలాచోట్ల మనమే చేసుకోవాలి. ఒక ఇనుప హ్యాండిల్ ఇస్తారు. ఒకడు పడవలో ఉంటే, మిగతావాళ్ళు గట్టు మీద ముందుగా నడిచి వెళ్ళి తూము తిప్పి, పెద్ద పెద్ద చెక్క తలుపుల్ని వీపు ఆనించి తొయ్యాలి. ఒక్కో లాకుకి పావుగంట. తొందరపడితే ఏమీ కాదు, నీటి మట్టం రెండు వైపులా సమానమయ్యేదాకా తలుపు కదలదు. ఎంత పెద్ద మేనేజరు ఎస్కలేట్ చేసినా కదలదు :-)

మేం నలుగురం వెళ్ళింది కెనెట్ అండ్ ఏవన్ కాలువ మీద. మన వాళ్ళు బోలెడంతమంది పనిచేసే రెడింగ్ ఊరిని ఆనుకునే పోతుందది. న్యూబరీ నుంచి హంగర్‌ఫర్డ్ దాకా కాలువ పక్కనే రైలు కూడా ఉంది. రైల్లో పావుగంట లోపు పని. మాకు దాదాపు పగలంతా పట్టింది. ఆ పగలంతా ఏం చేశామని అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వంతులవారీగా నడిచాం. హంసలు, గొర్రెలు, ఇటుక వంతెనలు. ఒకచోట కాలువ దిగి పొలాల మధ్య కాలిబాట పట్టుకుని ఒక పల్లెకి వెళ్ళి టీ తాగి వచ్చాం. ఫోన్లో సిగ్నలు ఉంది, అయినా ఎవరూ చూసుకోలేదు. అది చాలదా?

సరే, అసలు విషయానికి వద్దాం. ఇదంతా చదివి "వాళ్ళ దేశం అలాంటిది, ఆ నీళ్ళూ ఆ పచ్చదనం మనకెక్కడివి" అంటారేమో. అది తప్పు. ఆ కాలువల్ని దేవుడు పెట్టలేదు, అందం కోసం అసలే తవ్వలేదు. 1761లో మొదలైన బ్రిడ్జ్‌వాటర్ కాలువ బొగ్గు మొయ్యడానికి. తర్వాత వచ్చినవీ సరుకు మొయ్యడానికే. పడవ నడిపేవాళ్ళు కుటుంబాలతో సహా అందులోనే బతికేవారు. మిగతా పడవంతా సరుకు, వెనకాల పది అడుగులు కూడా ఉండని గదిలో సంసారం, పిల్లలకి చదువు లేదు. ఆ పిల్లల పరిస్థితి చూసి 1877లో పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చెయ్యాల్సి వచ్చింది. ఇప్పుడు మనం పువ్వుల బొమ్మలు వేసి ఉన్న పడవల్ని చూసి ముచ్చటపడుతున్నాం గానీ, ఆ బొమ్మల వెనకున్న బతుకు ముచ్చటైనదేం కాదు.

తర్వాత రైళ్ళొచ్చాయి. 1810లో పూర్తయిన కెనెట్ అండ్ ఏవన్ కాలువని 1852లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే కొనేసింది. పోటీ కంపెనీని కొని పక్కన పడెయ్యడం మన ఫీల్డులో మాత్రమే ఉందనుకునేవాళ్ళు గమనించగలరు. కాలువ మెల్లగా పూడిపోయింది. 1950ల్లో ప్రభుత్వం దాన్ని అధికారికంగా వదిలించుకుందామని చూస్తే జనం వేల సంతకాలతో పిటిషను పెట్టారు. దశాబ్దాల పాటు వాలంటీర్లు శని ఆదివారాలు బురద తవ్వారు. చివరికి 1990లో రాణి వచ్చి మళ్ళీ తెరిచింది. స్ట్రాట్‌ఫర్డ్ కాలువ దక్షిణ భాగాన్నయితే వాలంటీర్లతో పాటు ఖైదీలు కూడా కలిసి బాగుచేస్తే 1964లో తెరిచారు. 1968లో చట్టం చేసి, కొన్ని కాలువల్ని సరుకు కోసం, కొన్నింటిని విహారం కోసం అని విడగొట్టారు. 2012 నుంచి ఇంగ్లండు, వేల్సుల్లో రెండు వేల మైళ్ళ జలమార్గాల్ని చూసుకుంటున్నది ప్రభుత్వ శాఖ కాదు, ఒక ధర్మసంస్థ, కెనాల్ అండ్ రివర్ ట్రస్టు. దానికిచ్చే గ్రాంటుని 2027 నుంచి తగ్గిస్తామని ప్రభుత్వం 2023లో ప్రకటించింది కూడా. అంటే అక్కడా ఏదీ ఊరికే నిలబడలేదు, ఊరికే నిలబడదు కూడా.

ఇక "మనకెక్కడివి" అన్న మాట. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847 నుంచి 1852 మధ్య కట్టించాడని అందరికీ తెలుసు. విగ్రహాలు ఉన్నాయి, దండలు వేస్తాం. ఆయన తవ్వించిన కాలువలు పొలాలకి నీళ్ళివ్వడానికే కాదు, పడవలు తిరగడానికి కూడా అన్న సంగతి తక్కువ మంది గుర్తుపెట్టుకున్నారు. ఇండియాకి రైళ్ళ కన్నా జలమార్గాలు చవక అని ఆయన బతికున్నన్నాళ్ళూ వాదించాడు. కాకినాడ నుంచి ధవళేశ్వరం దాకా ఒక కాలువ, అట్నుంచి విజయవాడకి ఏలూరు కాలువ, విజయవాడ దగ్గర్నుంచి పెదగంజాం దాకా కొమ్మమూరు కాలువ, అక్కణ్ణుంచి సముద్రం అంచున మద్రాసు దాటేదాకా బకింగ్‌హాం కాలువ. ధాన్యం, ఉప్పు, కట్టెలు, మనుషులు, అన్నీ పడవల మీదే. గాలి లేనప్పుడు పడవకి తాడు కట్టి గట్టు మీద నడుస్తూ లాక్కెళ్ళేవారు. ఇంగ్లండులో గుర్రాలు చేసిన పని ఇక్కడ మనుషులు చేశారు.

ఇంకో మాట. నేను పైన చెప్పిన 1877 గుర్తుందా? లండనులో పడవ పిల్లల కోసం చట్టం చేసిన ఆ రోజుల్లోనే మద్రాసు రాష్ట్రంలో మహా కరువు నడుస్తోంది. మద్రాసు ఊళ్ళో కూవం, అడయారు నదుల్ని కలిపే కాలువ ముక్కని కరువు పని కింద 1877-78లో తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరే మొత్తం కాలువకి వచ్చింది. తిండిలేని మనుషులు తవ్విన నీళ్ళవి. అలాంటి దాన్ని ఇవాళ మనం చెత్తకుండీలా వాడుతున్నామంటే, అది పర్యాటకం సమస్య కన్నా పెద్దది, మర్యాద సమస్య.

మన కాలువలకీ రైలు దెబ్బే తగిలింది. 1899లో విజయవాడ–మద్రాసు రైలు దారి పడింది. తర్వాత లారీలు, తుఫాన్లు, పూడిక. విజయవాడ వెళ్ళినప్పుడు ఏలూరు, బందరు, రైవస్ కాలువల వంతెనల మీద ఒక్క నిమిషం నిలబడి కిందకి చూడండి. ప్లాస్టిక్కు, మురుగు. 2008లో ఈ కాలువలన్నిట్నీ గోదావరి, కృష్ణలతో కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు, వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. 2016లో ఇంకా పొడిగించారు. 2017లో కృష్ణ మీద ముక్త్యాల–విజయవాడ భాగానికి శంకుస్థాపన చేశారు. అన్ని ప్లాన్లలోనూ బార్జీలు, టెర్మినళ్ళు, టన్నులు ఉన్నాయి. గట్టు మీద మనిషి నడవడం అన్న లైను ఐటం మాత్రం కనపడదు.

పోనీ మన పడవ విహారం ఎలా ఉంటుంది? 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' వచ్చాక మన ఐటీ వాళ్ళలో పాపికొండల ట్రిప్పు వెయ్యనివాడు తక్కువ. రెండంతస్తుల బోటు, నిండా జనం, చెవులు పగిలే పాటలు, పొద్దున్న ఎక్కి సాయంత్రం దిగడం. అదీ కవర్ చేసెయ్యడమే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర, వరదలో ఉన్న గోదావరిలో అలాంటి బోటే మునిగి పదులమంది చనిపోయారు. అంతకు రెండేళ్ళ ముందు, 2017 నవంబరులో, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో ఇంకో బోటు. ప్రతిసారీ కొన్నాళ్ళు ఆపుతారు, లైఫ్ జాకెట్ల మీద సర్క్యులరు వస్తుంది. పడవ విహారం అనగానే పెద్ద నది, పెద్ద బోటు, పెద్ద గుంపు తప్ప ఇంకో రూపం మన ఊహలోకి రాకపోవడం కూడా ఒక కారణం అని నా అభిప్రాయం.

అలాగని రేప్పొద్దున్న ఏలూరు కాలువలో నారోబోట్లు దింపెయ్యమని నేననను. ఇంజనీరింగు చదివినందుకు ఇదొక్కటైనా చెప్పాలి. ఇంగ్లండు కాలువల్లో చాలావాటిలో నీళ్ళు దాదాపు కదలవు, లోతు కూడా తక్కువ. మనవి సాగునీటి కాలువలు, నీళ్ళు పారుతూ ఉంటాయి, సీజన్లో జోరుగా పారతాయి. ఎండాకాలం మరమ్మతులకి కట్టేస్తారు. రైతుకి నీళ్ళు ముందు, షికారు తర్వాత, అందులో రెండో మాట లేదు. డిజైను కాపీ కొట్టేముందు రిక్వైర్‌మెంట్లు వేరని ఒప్పుకోవాలి.

అయితే కాపీ కొట్టదగ్గదేమిటి? మా అమ్మ చెప్పిందే. నడక. ఇంగ్లండు కాలువ సెలవులో పడవ ఒక ఫీచరు మాత్రమే, ప్లాట్‌ఫామ్ గట్టు. ఒకప్పుడు గుర్రాలు నడిచిన ఆ గట్టుని దాదాపు అన్నిచోట్లా అందరికీ ఉచితంగా తెరిచి ఉంచుతారు. పడవ అద్దెకు తీసుకునేవాళ్ళు కొందరే, గట్టు మీద నడిచేవాళ్ళు ఊరంతా. కాలువ బాగుండాలని పట్టుబట్టేది, సంతకాలు పెట్టేది, బురద తవ్వేది వాళ్ళే. కాలువ నుంచి పక్కకి తిరిగితే పొలాల్లోంచి కాలిబాటలు. 1949 చట్టం ప్రకారం అలాంటి బాటలన్నిట్నీ మ్యాపుల్లోకి ఎక్కించారు. ఒకసారి మ్యాపులో ఉంటే ఆ పొలం ఎవరిదైనా సరే, దారి మూసెయ్యడానికి లేదు. రోజూ నలుగురు నడిచేచోట చెత్త పోయాలంటే కాస్త మొహమాటం ఉంటుంది. ఎవరూ వెళ్ళని చోటే డంపింగ్ యార్డు అవుతుంది.

ఇప్పుడు మా ఊరికి రండి. మా శృంగవరపుకోటకి పడవలు తిరిగే కాలువ లేదు గానీ ఇదే కథకి ఇంకో వెర్షను ఉంది. మా ఊరి మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ లైను 1960ల్లో వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి దింపడానికి. బొగ్గు కోసం వాళ్ళు కాలువలు తవ్వినట్టే. ఇప్పుడు అదే లైను మీద 2017 నుంచి అద్దాల పెట్టె తగిలించి టూరిస్టుల్ని అరకు తీసుకెళ్తున్నారు. మంచిదే. కానీ బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి అన్నవి అద్దంలోంచి జారిపోయే బోర్డులు మాత్రమే. ఎవరూ దిగరు. దిగినా నడవడానికి ఎటు వెళ్ళాలో చెప్పే ఒక బాణం గుర్తు కూడా ఉండదు. సొరంగాల ఫోటోలు, బొర్రా గుహలు, బొంగులో చికెను, రాత్రికి వైజాగు. కవర్డ్.

ఆ బొర్రా దగ్గరే గోస్తని పుడుతుంది. కొండలు దిగి, 1960ల్లోనే కట్టిన తాటిపూడి రిజర్వాయరులో ఆగి, విశాఖకి తాగునీళ్ళిచ్చి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పుట్టుక నుంచి సముద్రం దాకా మూడు నాలుగు రోజుల్లో నడవగలిగే నది మా జిల్లాల్లో ఉంది. గుహలు, అడవి, జలాశయం, మామిడి జీడి తోటలు, పాత డచ్చి వాళ్ళ రేవు, అన్నీ ఒక్క దారిలో. ఇంగ్లండులో ఇలాంటిది ఉంటే దానికొక పేరు, మ్యాపు, దారి పొడుగునా చిన్న చిన్న బసలు ఉండేవి. మాకు బాటల కొరతా లేదు. పల్లెల్లో గోర్జిలు ఉన్నాయి (గోదావరి వైపు పుంత అంటారు, ఇంకొన్నిచోట్ల డొంక అంటారు). ఇవి ఎవరి సొంతమూ కావు, గ్రామ పటాల్లో గీసి ఉన్న ఉమ్మడి దారులు. చట్టం కాగితం మీద మన దగ్గరా ఉంది. నడిచేవాడు లేక రెండు వైపుల నుంచీ గట్లు జరుగుతూ జరుగుతూ గోర్జి మాయమైపోతోంది.

దీనికి రెండు గట్టి అభ్యంతరాలు ఉన్నాయి, వాటిని దాటవెయ్యడం న్యాయం కాదు.

మొదటిది, విజయవాడలో గానీ ఇంకోచోట గానీ కాలువ గట్ల మీద పేదవాళ్ళు ఇళ్ళేసుకుని ఉన్నారు. "సుందరీకరణ" అన్న మాట వినగానే వాళ్ళకి బుల్డోజరు గుర్తొస్తుంది. ఐటీ వాడి సాయంత్రం వాకింగు కోసం ఒక కుటుంబం గూడు పోవాలంటే ఆ వాకింగు వద్దు. వాళ్ళకి దగ్గర్లో ఇల్లు చూపించాకే ఆ గట్టు మాట ఎత్తాలి. ఈలోగా ఊళ్ళ మధ్య, పొలాల మధ్య ఖాళీగా ఉన్న గట్లు వందల కిలోమీటర్లు ఉన్నాయి. మొదలుపెట్టాల్సింది అక్కడ.

రెండోది ఇంకా ఇబ్బందిది. మా మండలంలోనే కొండల మీది గిరిజన గ్రామాల నుంచి జబ్బుపడ్డవాళ్ళని, గర్భిణుల్ని డోలీ కట్టి మోసుకొచ్చిన వార్తలు చదువుతుంటాం. నడవడం వాళ్ళకి సెలవు కాదు, శిక్ష. మన సమాజంలో నడిచేవాడంటే బండి లేనివాడు. అలాంటిచోట "నెమ్మదితనం" గురించి లెక్చరు ఇవ్వడం కడుపు నిండినవాడి ముచ్చటలా వినపడుతుంది. ఒప్పుకుంటాను. ముందు ఆ ఊళ్ళకి అంబులెన్సు ఎక్కే రోడ్డు పడాలి, అందులో వాదన లేదు. కానీ ఒకటి గమనించండి. ఆ డోలీ దారిలో మనం ఒక్కసారి కూడా నడవలేదు కాబట్టే అది మనకి పేపర్లో వార్తగా మిగిలిపోయింది. అద్దాల పెట్టెలోంచి కొండ కనపడుతుంది, డోలీ కనపడదు.

ఇంతకీ మనం చెయ్యగలిగిందేమిటి? పెద్ద ఉద్యమం అక్కర్లేదు. ఈ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఒక పూట మీ ఊరి కాలువ గట్టో, చెరువు గట్టో, గోర్జో పట్టుకుని పక్క ఊరి దాకా నడవండి. పిల్లల్ని తీసుకెళ్ళండి. ఎక్కడ దారి తెగిపోయిందో ఫోన్లో మార్కు చెయ్యండి, ఆ పని మనకన్నా బాగా ఎవరికి వచ్చు? గ్రామ పటం తీయించి పోల్చి చూడండి. కంపెనీ సీఎస్ఆర్ డబ్బుతో బడికి రంగులు వేసే ప్రతిపాదన వచ్చినప్పుడు, రెండు కిలోమీటర్ల గట్టు శుభ్రం చేసి, నాలుగు చెట్లు నాటి, ఒక బాణం గుర్తు పెడదామని కూడా అడగండి. ఈసారి ఇంగ్లండు వెళ్తే నాలుగు రోజులు నారోబోటు ఎక్కండి, డబ్బులు దండగ కాదు. అయితే పడవలోనే కూర్చోకండి. గట్టు ఎలా ఉంచారో, మ్యాపు ఎలా గీశారో, దాన్ని చూసుకునేవాళ్ళెవరో కూడా చూసి రండి.

అక్కడి వాళ్ళ దగ్గర మనకి లేని నీళ్ళేమీ లేవు. వాళ్ళ దగ్గరున్నది నీళ్ళ పక్కన నడిచే జనం. ఆ జనం ముందు, పడవలు తర్వాత. మనం ఎప్పుడూ పడవతో మొదలుపెడుతున్నాం.

మీ ఊరి గట్టు మీద చివరిసారి ఎప్పుడు నడిచారు?